ఇసుక గది

కొట్టు పైన ఇల్లు,
మార్చి

చిట్టీ,

అక్కకి రాయడానికి బద్ధకమని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో. కింద కొట్లో జనం ఊపిరాడనివ్వకపోతే పెన్ను పట్టుకునే తీరిక ఎక్కడిది? పోనీ ఫోన్ చేద్దామంటే, మీ సూపర్‌వైజర్ గదిలో నిలబడి నువ్వు 'ఊ', 'ఆ' తప్ప ఏమీ అనవు.

మీ కంపెనీ ప్యాంట్లు వచ్చాయే! ఓడలోంచి దిగిన పెట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఖాళీ అయిపోతున్నాయి. తొడల దగ్గర తెల్లగా వెలిసి, మోకాళ్ల దగ్గర అరిగి, ఎవరో ఏళ్ల తరబడి తొడిగి విడిచినట్టున్నాయి. కొత్తవాటిని పాతవాటిలా చేయించుకుని కొనుక్కోవడమేమిటో! అమ్మ ఉంటే నెత్తి కొట్టుకునేది. కానీ రేటు చూస్తే ఎవరి చెయ్యీ ఆగడం లేదు. నిన్న ఒకావిడ కొలత కూడా చూసుకోకుండా రెండు తీసుకుంది. 'సరిపోకపోతేనో?' అన్నాను. 'ఈ రేటుకి సరిపోకపోయినా నష్టమేముందండీ, ఇల్లు తుడుచుకుంటాను' అంది. నవ్వలేక చచ్చాను.

మీ బావ ఆనందం చూడాలి. పక్కవాడి కొట్టు కూడా తీసుకుందామంటున్నారు. మిమ్మల్ని అక్కడ పనిలో పెట్టించడం ఎంత మంచిదైందో చూశావా? మీరు అక్కడ చేసింది మేం ఇక్కడ అమ్ముతున్నాం. మన మధ్య సముద్రం ఉన్నా ఒకే ఇంట్లో ఉన్నట్టుంది నాకు.

బుడ్డిదానికి పెద్దమ్మ ముద్దులు. మరిదిని అడిగానని చెప్పు.

నీ అక్క


కంపెనీ క్వార్టర్స్, వెనక వరస,
ఏప్రిల్

అక్కా,

మేమంతా కులాసా అని ముందు రాయాలి కదా. రాశాననుకో.

మీ ఊళ్లో ఏ రంగు ప్యాంట్లు అమ్ముతారో నీకంటే ముందు నాకే తెలుస్తుంది. మా గది వెనకే కాలవ ఉంది. రంగులు ఉడికించిన నీళ్లన్నీ అందులోకే వదులుతారు. పోయిన నెలంతా నీలంగా పారింది, ఇప్పుడు నల్లగా పారుతోంది. కాబట్టి వచ్చే ఓడలో నల్లవి వస్తాయి, చోటు చూసి పెట్టుకో. ఈ కాలవలో ఒకప్పుడు చేపలుండేవని, మేం కొత్తగా వచ్చినప్పుడు పక్కింటావిడ చెబితే నమ్మలేదు. ఆవిడ చిన్నప్పుడు ఇందులో ఈత కొట్టిందట.

తాగేందుకు ట్యాంకర్ వస్తుంది. స్నానానికి మాత్రం బోరు నీళ్లే, అవి కాలవ వాసనే వేస్తాయి. బుడ్డిదాని చేతులు పొలుసులు లేస్తున్నాయి. నూనె రాస్తున్నాను, తగ్గుతుందిలే.

మా ఆయన్ని పోయినేడాదే ప్యాకింగులోంచి ఇసుక గదికి మార్చారు, నీకు రాయడమే కుదరలేదు. బావ చెప్పడం వల్లే అని ఓనరు అన్నాడట. జీతం మెరుగు. నువ్వన్నావే, తొడల దగ్గర తెల్లగా వెలిశాయని, అది మా ఆయన చేతి పనే! గొట్టంలోంచి గాలితో ఇసుక కొడతారు. ఇసుక బయటికి పోకుండా చుట్టూ టార్పాలిన్ పట్టాలు కట్టేస్తారు, మళ్లీ వాడుకోవాలి కదా. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి. బుడ్డిది 'తాతయ్యొచ్చాడు' అని గంతులేస్తుంది. ఈయనేమో నడుం వంచి, లేని కర్ర పట్టుకుని నడుస్తారు. రోజూ ఇదే నాటకం.

బావకి నా నమస్కారాలు. మా కోసం ఇంత చేశాడు, ఎప్పుడూ సరిగ్గా చెప్పుకోలేదు.

చిట్టి


కొట్టు పైన ఇల్లు,
జూన్

చిట్టీ,

నువ్వు చెప్పినట్టే నల్లవి వచ్చాయి. 'మా చెల్లెలు జోస్యం చెబుతుంది' అని మీ బావతో అంటే కాలవ సంగతి విని నవ్వలేదు, 'అలాంటివి కొట్లో అనకు' అన్నారు. వ్యాపారస్తుల బుర్రే వేరు.

పక్క కొట్టు తీసుకున్నాం. గోడ పగలగొట్టి కలిపేస్తున్నారు. దుమ్ముకి నా గొంతు పట్టేసింది, కాబట్టి నా తిట్ల నుంచి మా పిల్లకి కాస్త విశ్రాంతి.

ఒక మాట అడుగుతాను, దాచకు. మొన్న నేను ఫోన్ చేస్తే మరిది 'బావున్నారా వదినా' అని, ఇంకో మాట లేకుండా నీకిచ్చేశాడు. ఇంతకుముందు ఫోన్ పట్టుకుంటే వదిలేవాడా? నీకు ఇవ్వమని నేనే బతిమాలేదాన్ని. నామీద కోపమా? మేమేమైనా తక్కువ చేశామా? నువ్వు కూడా ఉత్తరంలో అన్నీ నవ్వుతాలుగా రాస్తావు గానీ, నీ నవ్వుల్లో ఏది నిజమో నాకు తెలియదనుకోకు.

నీ అక్క


కంపెనీ క్వార్టర్స్,
జూలై

అక్కా,

కోపం కాదు. మాట్లాడితే దగ్గు తెర వస్తుంది. నీకు వినపడుతుందని ఫోన్ నాకిచ్చేశారు.

చాలా రోజులుగా ఉంది. కంపెనీ డాక్టరు క్షయ అన్నాడు, మాత్రలిచ్చాడు. మింగుతూనే ఉన్నారు, చిక్కిపోతూనే ఉన్నారు. ఆఖరికి ఎవరికీ చెప్పకుండా ఊళ్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది, 'ఏం పని చేస్తారు?' అని. ఇంతవరకు ఎవరూ అడగలేదక్కా ఆ మాట. ఈయన చెప్పగానే ఆవిడ కలం పక్కన పెట్టేసింది.

'ఇది క్షయ కాదు. పీల్చిన ఇసుక ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. లోపలికి వెళ్లింది ఇక బయటికి రాదు. ఇంకా ముదరకూడదంటే ఆ గదిలోకి అడుగు పెట్టకండి' అంది.

ఈయనొక్కరే కాదు. మా వరసలో పొడుగాయన అని ఉండేవాడు, అదే గది. చలికాలంలో పోయాడు. అప్పుడు కూడా క్షయే అన్నారు. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ గదిలో అందరికీ క్షయ రావడమేమిటని ఒక్కరమూ అనుకోలేదే అని.

ఇసుక లేకుండానే అలా వెలిసినట్టు చేసే మెషిన్లు ఉన్నాయట. 'కొనేవాళ్లు ఆ ఖర్చు ఇస్తే నేనెందుకు పెట్టను?' అంటాడట ఓనరు. కొనేవాళ్లలో పెద్ద బేరం బావదే. అందుకే రాస్తున్నాను. బావ ఒక్క మాట అంటే ఆ గది మూసేస్తారు. ఈయన్ని మళ్లీ ప్యాకింగులో వేస్తే చాలు. కానీ మేం చెప్పామని తెలియకూడదు. తెలిస్తే ఉన్న పళాన బయటికి పంపేస్తారు. మా పేరు మాత్రం రానీయొద్దని బావకి గట్టిగా చెప్పు.

నీకు చెప్పాక గుండె కాస్త తేలికపడింది.

చిట్టి


కొట్టు పైన ఇల్లు,
ఆగస్టు

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సహించలేదు. ఇన్నాళ్లు ఎలా దాచావే?

మీ బావకి అంతా చెప్పాను. భోంచేస్తున్న మనిషి చెయ్యి కడిగేసుకుని లేచి, లోపలి గదిలోకి వెళ్లి ఓనరుకి ఫోన్ చేశారు. తలుపు వేసుకున్నా గొంతు వినపడుతూనే ఉంది, మాటలు తెలియలేదు. అంత గట్టిగా ఎవరితోనైనా మాట్లాడటం నేను చూడలేదు. బయటికొచ్చి, 'నువ్వు దిగులు పెట్టుకోకు. అంతా చక్కబెట్టాను' అన్నారు. మీ పేరు సంగతి ముందే చెప్పాను, మళ్లీ చెప్పాను. 'ఆ మాత్రం తెలియదా నాకు' అన్నారు.

ఆయన్ని చూస్తే గర్వంగా అనిపించింది చిట్టీ. నీకు రాయకూడదు గానీ, మధ్యలో నాకు ఈ మనిషికి బేరం తప్ప ఇంకేం పట్టదనిపించేది.

ఇంకో సంతోషం, ఈ ఓడ సరుకు ఇంతకుముందు కంటే బాగా తక్కువకి ఇస్తున్నాడట ఓనరు. మీ బావ ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి.

మరిదిని ఆ గదిలోంచి ఎప్పుడు మార్చారో వెంటనే రాయి.

నీ అక్క


బస్టాండు వెనక అద్దెగది,
సెప్టెంబరు

అక్కా,

పైన చిరునామా చూశావుగా. క్వార్టర్స్ ఖాళీ చేయించారు.

ఓనరు మా ఇద్దరినీ పిలిపించాడు. ఈయన కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. ఆయన కోప్పడనైనా లేదు. 'మీ బావ నాతో ఏమన్నాడో తెలుసా అమ్మా?' అని మొదలుపెట్టాడు. '"ఇసుక గది సంగతి బయటికి పొక్కితే నీ సరుకు ఎవరూ ముట్టుకోరు. మా తోడల్లుడే దగ్గుతున్నాడు, ఆసుపత్రిలో అంతా చెప్పేశారు. నేను నోరు మూసుకోవాలంటే రేటు తగ్గించు" అన్నాడు. తగ్గించాను. మీరు నాకు చేసిన నష్టం ఇది. ఇంటిదొంగల్ని ఇంట్లో పెట్టుకోమంటారా?'

నేను నమ్మలేదు. 'మా బావ అలా అనడు' అన్నాను. పక్కనే ఉన్న సూపర్‌వైజర్ నవ్వాడు.

'మీ బావకి ఆ గది కొత్తేం కాదమ్మా. మీరు రాకముందే వచ్చి చూశాడు. లోపలికి రమ్మంటే రాలేదు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "మనుషులు ఎన్నాళ్లు ఆగుతారు ఇందులో?" అని అడిగాడు. "ఎక్కువ ఆగరండీ" అన్నాను. ఆ తర్వాతే మిమ్మల్ని పంపించాడు.'

ఆఫీసులోంచి బయటికొచ్చాక ఈయన మెట్ల మీద కూర్చుండిపోయారు. అందరూ చూస్తున్నారు. మా సెక్షన్ వాళ్లు కూడా చూసి తలలు తిప్పుకున్నారు, మాతో మాట్లాడితే వాళ్ల ఉద్యోగాలు పోతాయి.

రేటు తగ్గిన ప్యాంట్లు బాగా అమ్ముడుపోతున్నాయా? అవి ఈయన దగ్గుకి తగ్గించినవి.

ఒక్క దానికి జవాబు రాయి. నీకు కూడా తెలుసా?

చిట్టి


కొట్టు పైన ఇల్లు,
సెప్టెంబరు

చిట్టీ,

తెలియదు. నా బిడ్డ మీద ఒట్టు, తెలియదు.

నీ ఉత్తరం పట్టుకుని అలాగే కొట్లోకి దిగాను. కొనేవాళ్లు ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

'ఆ గది చూశావా?' అన్నాను.

'ఏ గది?'

'ఇసుక గది.'

'మెల్లగా మాట్లాడు' అన్నాడు. అప్పుడే తెలిసిపోయింది నాకు.

లోపలికి లాక్కెళ్లి చెప్పాడు. 'చూశాను. అయితే ఏంటి? పని ఇప్పించమని నా వెంటపడింది మీవాళ్లు కాదూ? ముందు ప్యాకింగులోనే వేయించాను. ఆ గదిలో మనుషులు చాలకపోతే ఓనరు అడిగాడు, సరేనన్నాను. కుర్రాడు గట్టివాడు, రెండు మూడేళ్లు లాగుతాడనుకున్నాను.'

లాగుతాడట! బండికి కట్టే ఎద్దు గురించి కూడా అలా మాట్లాడరే.

'మరి ఫోన్‌లో మా వాళ్ల పేరెందుకు చెప్పావు?' అంటే, 'పేరు చెప్పకపోతే వాడు నమ్ముతాడా? వ్యాపారం నీకు తెలియదు' అన్నాడు. నేనే కదా చిట్టీ ఆ మాట తీసుకెళ్లి ఈ మనిషి చేతిలో పెట్టింది! గర్వంగా ఉందని నీకు రాశాను కూడా.

పిల్ల గదిలో పడుకుంటున్నాను. కొట్లోకి దిగడం లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.

అక్క


అద్దెగది,
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం ఈయనకి చదివి వినిపించాను. విని, 'వదినకి తెలియదని నేను ముందే అన్నానా లేదా' అన్నారు. మాట్లాడటానికి ఆయాసమే, అయినా ఆ మాట రెండుసార్లు అన్నారు.

నువ్వేం చెయ్యాలో రాస్తున్నాను. పొడుగాయన భార్య, ఇంకొందరు ఆడవాళ్లం కలిసి ఒక లాయరమ్మని పట్టుకున్నాం. లేబర్ ఆఫీసులో కేసు వేసింది. ఓనరు మీదే కాదు, కొన్నవాళ్ల మీద కూడా. ఆ గదిలో ఏం జరుగుతోందో తెలిసీ కొన్నారని తేలితే, వైద్యం ఖర్చు వాళ్లూ పెట్టాలట. కొన్నవాళ్లంతా ఒకటే పాట, 'మాకు తెలియదు'. నీ భర్త కూడా అదే రాసిచ్చాడు.

నీతో ఏమన్నాడో అది నువ్వు చెప్పాలి. ఉత్తరం చూపిస్తానంటే లాయరమ్మ వద్దంది, కాగితం మీద ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చంటారట, మనిషి నోటితో చెప్పాలట. నువ్వు ఇంత దూరం రానక్కర్లేదు, విచారణ రోజు ఆఫీసులోంచే నీకు ఫోన్ చేస్తారు.

'వదినని ఇరికించకు' అని ఈయన గొడవ. నేను వినలేదు. ఏం చెయ్యమంటావని నువ్వే అడిగావు కనుక అడుగుతున్నాను.

చిట్టి


కొట్టు పైన ఇల్లు,
నవంబరు

చిట్టీ,

చెబుతాను. అంతకన్నా నేను చేయగలిగిందేముంది?

ఫోన్ ఏ పూట వస్తుందో ముందుగా రాయి. మీ బావ లేని సమయమైతే మంచిది. ఆయనకి నేను ఇంకా ఏమీ చెప్పలేదు. నీకు నమ్మకం కలగకపోవచ్చు గానీ ఆయన కూడా నలిగిపోతున్నారు. మరిదికి మందులు పంపమని తనే అన్నారు, పార్సెల్‌లో వస్తాయి. బుడ్డిదానికి గౌన్లు కూడా పెట్టాను. ఆ ఓనరు దగ్గర కొనడం పూర్తిగా మానేశారు. ఇప్పుడు వేరే ఊరి నుంచి తెప్పిస్తున్నారు, వాళ్లది ఇంకా చవకట. అక్కడ ఎలా చేస్తారని అడిగాను. కనుక్కుంటానన్నారు.

కొట్లు రెండూ కలిపేశారు కదా, కాగితాలన్నీ నా పేర మార్పించారు. బోర్డు మీద కూడా నా పేరే. 'నీదే ఇదంతా' అన్నారు. పిల్ల చదువు మధ్యలో ఉంది. కేసులో మాకు ఏం జరుగుతుందో లాయరమ్మని అడిగి రాస్తావా? భయపడి అడగడం లేదు. తెలుసుకుందామని.

చెబుతానన్నాను కదా, చెబుతాను.

అక్క


కొట్టు పైన ఇల్లు,
జనవరి

చిట్టీ,

ఎన్నిసార్లు రాసి చింపేశానో.

ఫోన్ మోగినప్పుడు ఆయన నా ఎదురుగానే కూర్చున్నారు. ఆయనకి ఎలా తెలిసిందో, ఆ రోజు కొట్టు కూడా తెరవలేదు. పిల్లని కాలేజీ మాన్పించి పక్కన కూర్చోబెట్టారు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. 'నువ్వు ఏం చెప్పినా సరే. చెప్పాక మనం ఎక్కడ బతకాలో అది కూడా చెప్పు, సామాను సర్దుకుంటాం' అన్నారు. పిల్ల నా ముఖంలోకి చూస్తోంది.

ఆఫీసరు నెమ్మదిగానే అడిగాడు. 'ఇసుక గది గురించి మీ భర్త మీతో ఎప్పుడైనా మాట్లాడారా?' అని. నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను చిట్టీ. 'లేదండీ, నాకేమీ తెలియదు' అని వచ్చింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అన్నాను, రెండోసారి గొంతు కూడా వణకలేదు.

నువ్వు ఆ ఆఫీసు గదిలోనే ఉన్నావని తెలుసు. నువ్వు ఒక్క మాట అంటావేమోనని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. అవతల ఎవరిదో దగ్గు వినపడింది. తర్వాత పెట్టేశారు.

నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ రాయి. మరిదికి ఎలా ఉంది? పార్సెల్ అందిందా?

నీ అక్క


అద్దెగది,
ఫిబ్రవరి

మీ ఉత్తరం అందింది. పార్సెల్ కూడా అందింది. మందులు వాడాం. గౌన్లు బుడ్డిదానికి పొట్టివయ్యాయి, పక్కగదిలో పిల్లకి ఇచ్చేశాను.

మీరు అడిగారు కనుక చెబుతున్నాను. ఆయన పోయారు. విచారణ అయిన తర్వాతి వారం. ఆఖర్లో పడుకుంటే ఊపిరాడేది కాదు, గోడకి ఆనించి కూర్చోబెట్టి నా భుజం అడ్డం పెట్టేదాన్ని. అలా కూర్చునే పోయారు. నిద్రపోతున్నారనుకుని నేను చాలాసేపు కదలలేదు.

ఇసుక గదికి సీలు వేశారు. మంచిదే. గొట్టాలూ గాలి మెషిన్లూ మాత్రం లారీలోకి ఎక్కించి పట్టుకుపోయారు. ఎక్కడికని అడిగితే డ్రైవరు వేరే ఊరి పేరు చెప్పాడు. మీ కొట్టుకి ఇప్పుడు సరుకు వస్తున్నది అక్కడి నుంచేనట, లాయరమ్మ కనుక్కుంది. ఓనరు మీద కేసు నడుస్తోంది. కొన్నవాళ్లకి తెలిసినట్టు రుజువు లేదని వాళ్లని వదిలేశారు. పొడుగాయన భార్య నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

కుట్టు పని దొరికింది, చిన్న చోటు. బుడ్డిది బడికి వెళ్తోంది. ఈ వీధిలో నీళ్లు బాగున్నాయి, చేతులు నయమయ్యాయి. మీరు డబ్బు పంపొద్దు. బట్టలు కూడా పంపొద్దు.

విచారణ రోజు ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి అది కూడా రాస్తున్నాను. ఫోన్‌ని బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా పెట్టారు. ఆయన రానవసరం లేదన్నా వచ్చారు, నేనూ పొడుగాయన భార్యా పట్టుకుని మెట్లెక్కించాం. మీకు వినపడిన దగ్గు ఆయనదే. మీరు 'నాకేమీ తెలియదు' అన్నప్పుడు ఆయన నా చెయ్యి నొక్కారు. 'పోనీలే, వదినకి ఏం ఇబ్బందో' అన్నారు. అంతసేపట్లో ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

ఫోన్ పెట్టేశాక లాయరమ్మ లేచి, 'ఆవిడ మీద ఒత్తిడి ఉంది, ఉత్తరంలో వేరేలా రాసింది' అని వాదించింది. ఆఫీసరు నావైపు తిరిగాడు. మంచివాడే, విసుక్కోలేదు. 'మాట్లాడింది మీ అక్కగారేనా? గొంతు మీరు గుర్తుపట్టారా?' అని అడిగాడు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

'లేదండీ' అన్నాను. 'మా అక్క గొంతు అది కాదు.'